పార్కింగ్‌లో పిట్ తవ్వుకుంటే పక్కింటివారు ఆపగలరా?

ప్రశ్న: మాది గుంటూరు. సొంతింటి పార్కింగ్‌లో మా రెండు కార్ల కింద పని చేసుకోవడానికి అయిదడుగుల లోతు ఇన్‌స్పెక్షన్ పిట్ కట్టిద్దామని ప్రహరీకి రెండడుగుల దూరంలో మార్కింగ్ వేశాం. ప్రహరీ అవతల రెండున్నర అడుగులకే పక్కింటివారి పాతికేళ్ల నాటి మేడ. గోడలు బీటలిస్తాయంటూ లాయర్ నోటీసు పంపారు. నా స్థలంలో తవ్వుకోవడానికి వాళ్ల అనుమతి కావాలా?

జవాబు: అనుమతి అక్కర్లేదు. కానీ వాళ్ల నేలకు మీ మట్టి ఇచ్చే ఆసరా మీద వాళ్లకు హక్కుంది. ఖాళీ నేలకైతే ఇది సహజ హక్కు (ఈజ్‌మెంట్స్ చట్టం 1882, సెక్షన్ 7). కట్టడం బరువుకైతే 20 ఏళ్లు అడ్డంకి లేకుండా ఆసరా అందితే సెక్షన్ 15 కింద వస్తుంది. పాతికేళ్ల మేడ కాబట్టి వాళ్లు ఆ మాటే ఎత్తుతారు.

చెప్పుకోదగ్గ నష్టం జరిగేదాకా పరిహారం కోసం దావా వేయలేరు (సెక్షన్ 34). తవ్వకముందే ఇంజంక్షన్ (పని ఆపమనే కోర్టు ఉత్తర్వు) మాత్రం అడగొచ్చు. అయితే ఈ తవ్వకంతో తమ హక్కుకు తప్పనిసరిగా భంగం కలుగుతుందని చూపాలి (సెక్షన్ 35). కేసు తేలేది అక్కడే. అందుకే లాయర్ కంటే ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవండి.

మీ మార్కింగ్ నాకు భయంగానే ఉంది. లోపల అయిదడుగులు కావాలంటే అడుగున వేసే స్లాబు, దాని కింద కాంక్రీటు బెడ్ కలిపి ఆరడుగులు తవ్వాలి. వాళ్ల పునాది నాలుగడుగుల లోతనుకుంటే తేడా రెండడుగులు. పక్కపక్క పునాదులకు ఇంజినీర్లు పాటించే లెక్కలో లోతు తేడాకు రెట్టింపు దూరం ఉండాలి, అంటే నాలుగడుగులు. పిట్ అంచుకూ వాళ్ల గోడకూ మధ్య మీకున్నది నాలుగున్నర. వాళ్ల ఫుటింగ్ (పునాది అడుగున వెడల్పాటి భాగం) గోడ దాటి అడుగున్నర ముందుకొచ్చి ఉంటే మిగిలేది మూడే. కనీసం రెండు మూడడుగులు లోపలికి జరపండి. మీ పక్క నల్లరేగడి అయితే ఇంకా జాగ్రత్త. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. గోతిలో నీరూరితే మోటారు పెట్టి గంటల తరబడి తోడొద్దు. నీటితోపాటు వాళ్ల పునాది కింది సన్నమట్టీ కొట్టుకొస్తుంది, గోడలు కుంగేది అందువల్లే. ఎండాకాలంలో సగం సగంగా తవ్వించి, పక్కలకు చెక్కల ఆనింపు పెట్టించి, వెంటనే కాంక్రీటు గోడలు పోయించండి.

తవ్వకముందు పక్కింటివారిని కూర్చోబెట్టుకుని వాళ్ల గోడల్లో ఇప్పటికే ఉన్న బీటలన్నీ స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీయించండి, తేదీ వేసి ఇద్దరూ సంతకాలు చేయండి. వాళ్లు ఒప్పుకోకపోతే ఆ సంగతీ నోటీసు జవాబులో రాయండి. రేపు పాత బీటను మీ ఖాతాలో వేయకుండా కాపాడేది ఈ కాగితమే. జవాబుకు ఇంజినీర్ రిపోర్టు జతచేయండి. మీ మాట వినకుండా స్టే రాకూడదనుకుంటే సివిల్ కోర్టులో కేవియట్ వేయండి, అంటే మాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే పెట్టుకునే అర్జీ (సివిల్ ప్రొసీజర్ కోడ్, సీపీసీ సెక్షన్ 148ఏ). అది 90 రోజులే పనిచేస్తుంది, గడువు దాటితే మళ్లీ వేయాలి.

మున్సిపాలిటీ సంగతి వేరు. మంజూరైన ప్లాన్‌లో పిట్ లేదు కదా, పైగా ప్రహరీ పక్కన సెట్‌బ్యాక్‌లో (రూల్ ప్రకారం ఖాళీగా వదలాల్సిన జాగాలో) పడుతుందేమో. వార్డు సచివాలయంలోని ప్లానింగ్ కార్యదర్శిని కలిసి రాతపూర్వకంగా అడగండి, నోటిమాట నమ్ముకోవద్దు.

నిర్లక్ష్యంగా తవ్వించి ఎవరికైనా గాయమైతే సివిల్ దావాతో ఆగదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 125 కింద క్రిమినల్ కేసవుతుంది, ప్రాణం పోతే సెక్షన్ 106. పిట్ కట్టాకా ఇదే వర్తిస్తుంది. పెట్రోలు ఆవిరి, ఎల్పీజీ గాలికంటే బరువు కాబట్టి గుంటలో పేరుకుంటాయి. లోపల 230 వోల్టుల బల్బు వేలాడదీయొద్దు, తక్కువ వోల్టేజీ దీపం పెట్టండి. వాడనప్పుడు పిట్ మీద గట్టి మూత ఉండాలి.

బయటివాళ్ల కార్లు తీసుకుని డబ్బు పుచ్చుకుంటే అది మెకానిక్ షెడ్డు కిందే లెక్క. ట్రేడ్ లైసెన్సు తీసుకోవాలి, ఇంటి కరెంటు కనెక్షన్ పనికిరాదు. విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 126 కింద రెట్టింపు రేటుతో బిల్లు వేస్తారు. పాత ఇంజినాయిల్ కాలువలో పోయకుండా అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వండి.