ఏ మాట చూసి అలా అనిపించింది?

అమ్మడూ,

నీ ఉత్తరం చదివాను. రచయిత ఉద్దేశం ఏమిటని అడిగితే, ఏ పాఠానికైనా క్లాసంతా "సమాచారం ఇవ్వడానికి" అంటోందని రాశావు. ఆ జవాబు నేనూ ఏళ్ల తరబడి విన్నాను. తప్పు పిల్లలది కాదురా. తెలియజేయడం, ఒప్పించడం, అలరించడం అని బోర్డు మీద మూడు మాటలు రాసి, ఒకటి ఎంచుకోమనేవాణ్ణి. పాఠం చదవకుండానే ఎంచుకునేవారు.

ఆ ప్రశ్నను కొన్నాళ్లు పక్కన పెట్టు. ఒకే విషయం మీద రెండు చిన్న పేరాలు నువ్వే రాసి ఇవ్వు. నేను ప్లూటోతో మొదలుపెట్టేవాణ్ణి. మొదటిది: "2006 ఆగస్టులో ప్రాగ్‌లో జరిగిన సమావేశంలో అంతర్జాతీయ ఖగోళ సంఘం ప్లూటోను మరుగుజ్జు గ్రహంగా వర్గీకరించింది." రెండోది: "1930లో కనుగొన్నప్పటి నుంచీ గ్రహంగా వెలిగిన ప్లూటోను 2006లో కుటుంబం నుంచి వెలివేశారు."

రెండూ జరిగిన సంగతే చెబుతున్నాయి. ఎక్కడ జాలేసిందో ఆ మాట కింద పెన్సిల్‌తో గీత గీయమను. చాలామంది "వెలివేశారు" కింద గీస్తారు. "కుటుంబం" కింద గీసేవాళ్లు ఒకరిద్దరుంటారు, వాళ్లను తప్పకుండా మాట్లాడించు. సౌరకుటుంబం అన్నది పాఠంలో రోజూ చదివే మాటే. అందులోంచి "సౌర" తీసేసరికి అది ఇల్లయిపోయింది, ప్లూటో ఇంట్లోంచి గెంటేసిన పిల్లాడైపోయాడు. ఈ సంగతి పిల్లల నోటే రానివ్వు, నువ్వు ముందు చెప్పెయ్యకు. అప్పుడు అడుగు: మనకు ఏమనిపించాలని ఆ మాట పెట్టాడు? ఇక ఉద్దేశం అన్న మాట నువ్వు వాడక్కర్లేదు.

తర్వాత, రచయిత చెప్పకుండా వదిలేసింది వెతికించు. అసలు కష్టమంతా ఇక్కడే, దీనికి రెండు మూడు రోజులైనా ఇవ్వు. గ్రహం అనిపించుకోవాలంటే సూర్యుడి చుట్టూ తిరగాలి, తన గురుత్వాకర్షణతో దాదాపు గుండ్రంగా ఉండాలి, తన కక్ష్య దారిలో ఇతర వస్తువులు పెద్దగా లేకుండా ఊడ్చేసి ఉండాలి. ప్లూటో మూడోదాంట్లో తప్పింది. రెండో పేరాకు మొదటి రెండు షరతులే జతచేసి ఇచ్చి, అందరూ ప్లూటో పక్షాన చేరాక మూడోది బయటపెట్టు. క్లాసులో గొడవ మొదలవుతుంది, ఆపకు.

శీర్షికలు, బొమ్మల కింద రాసే వాక్యాలు, గ్రాఫులు ఒక పీరియడ్‌లో చూపించొచ్చు. గ్రాఫులో నిలువు గీత సున్నా నుంచి మొదలైందో లేదో చూడమనడం మాత్రం మరిచిపోకు.

ఒక్క జాగ్రత్త. ఇది బాగా వంటబట్టాక, ఒప్పించడానికి రాసిన ప్రతివాడూ మోసగాడే అనుకోవడం మొదలుపెడతారు. నా దగ్గరా అలాగే జరిగింది, సర్దడానికి చాలా టైం పట్టింది. చేతులు కడుక్కోమని డాక్టరు రాసేది కూడా ఒప్పించడానికే. అందులో సమాచారమూ ఉంటుంది, ప్రేమా ఉంటుంది. ఒకే వ్యాసానికి రెండు ఉద్దేశాలు ఉండొచ్చని వాళ్లకు ముందే తెలియనివ్వు.

ఎవరు ఏ జవాబు చెప్పినా "ఏ మాట చూసి?" అని అడుగు. చెప్పింది సరైనదైనా అడుగు.

మొదటి రోజు పిల్లలు గీతలు గీసిన కాగితాలు పారెయ్యకు, నాలుగైదు నాకు పంపు. "కుటుంబం" కింద ఎందరు గీశారో చూడాలని ఉంది.

ఆశీస్సులతో,
పెదనాన్న