‘గెట్’ తర్వాత ఏముందో చూడండి

ఈసారి ప్రశ్నలన్నీ ‘గెట్’ అనే ఒక్క ఇంగ్లీషు క్రియ మీదే వచ్చాయి. అందుకే వాటన్నిటికీ ఒకేచోట జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నిఘంటువు తెరిస్తే ‘గెట్’కి పొందు, తెచ్చు, కొను, చేరు, అవు, అర్థం చేసుకొను అంటూ అర్థాలు ఎంతకీ తరగవు. ఇవన్నీ కంఠస్థం చేయాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదు. ‘గెట్’ తర్వాత వచ్చే మాట ఎలాంటిదో చూస్తే అర్థం చాలావరకు తేలిపోతుంది. నామవాచకం వస్తే దొరకడం, అందడం, తేవడం, కొనడం. ‘ఐ గాట్ ఎ లెటర్’ అంటే ఉత్తరం వచ్చింది, ‘గెట్ మి ఎ చెయిర్’ అంటే నాకో కుర్చీ తెచ్చిపెట్టు. విశేషణం వస్తే మారడం: ‘ఇట్ ఈజ్ గెటింగ్ డార్క్’, చీకటి పడుతోంది. చోటును చెప్పే మాట వస్తే చేరడం: ‘వి గాట్ టు ద స్టేషన్’. అయితే ‘హోమ్’, ‘హియర్’, ‘దేర్’ అనే మాటల ముందు ‘టు’ రాదు. ‘గాట్ టు హోమ్’ అని రాసేవాళ్లు చాలామంది కనిపిస్తారు, ‘గాట్ హోమ్’ అంటే సరిపోతుంది.

‘గెట్’ పక్కన క్రియ మూడో రూపం ఉంటే ఏదో జరిగిందని అర్థం: ‘ద విండో గాట్ బ్రోకెన్’. ఇక్కడే ‘ద విండో వాజ్ బ్రోకెన్’ అంటే కిటికీ అప్పుడు పగిలిందో, అప్పటికే పగిలి ఉందో తేలదు. ‘గాట్’ పెడితే ఆ సందేహం ఉండదు, పగలడం అనే సంఘటనే కళ్లముందుకొస్తుంది. ఇక ‘టు’తో క్రియ వస్తే అవకాశం దక్కడం: ‘ఐ గాట్ టు మీట్ హర్’, ఆమెను కలిసే అవకాశం దొరికింది. ఈ పద్ధతికి లొంగని వాడుకలు కొన్ని ఉన్నాయి. ‘ఐ డోంట్ గెట్ ఇట్’ అంటే నాకు అర్థం కావడం లేదు అని. అలాంటివి మాత్రం విడిగా గుర్తుపెట్టుకోవాలి.

ప్రశ్న: ‘నాకు కోపం వచ్చింది’ అన్నదాన్ని ‘ఐ గాట్ యాంగర్’ అని రాస్తే తప్పన్నారు. ‘ఐ గాట్ ఎ లెటర్’ ఒప్పయినప్పుడు ఇదెందుకు తప్పు?

జవాబు: మన భాష అలవాటు వల్ల వచ్చే పొరపాటిది. తెలుగులో కోపం, నిద్ర, ఆకలి, భయం, విసుగు అన్నీ నామవాచకాలు. అవి మనకు వస్తాయి, వేస్తాయి, పుడతాయి. ఇంగ్లీషులో మనిషే ఆ స్థితిలోకి మారతాడు కాబట్టి విశేషణం కావాలి: గెట్ యాంగ్రీ, గెట్ స్లీపీ, గెట్ హంగ్రీ, గెట్ స్కేర్డ్, గెట్ బోర్డ్. చివరిదాంట్లో ఇంకో గుంట ఉంది. ‘ఐ యామ్ గెటింగ్ బోరింగ్’ అంటే నేనే ఇతరులకు విసుగు పుట్టిస్తున్నానని అర్థం. పెళ్లి విషయంలోనూ అంతే. ‘గాట్ మ్యారేజ్’ కాదు, ‘గాట్ మ్యారీడ్’. దాని తర్వాత ‘విత్’ కాదు, ‘టు’ రావాలి: ‘షి గాట్ మ్యారీడ్ టు ఎ డాక్టర్’.

మరి జలుబు, తలనొప్పి, ఆలోచన? ఇవి ఇంగ్లీషులోనూ నామవాచకాలుగానే వస్తాయి: గెట్ ఎ కోల్డ్, గెట్ ఎ హెడేక్, గెట్ యాన్ ఐడియా. ఏది ఎటు పోతుందో తేల్చుకోవడానికి ‘హి ఈజ్’ పెట్టి చూడండి. ‘హి ఈజ్ యాంగ్రీ’ కుదిరింది, కాబట్టి ‘గెట్ యాంగ్రీ’. తలనొప్పికి అలా ‘హి ఈజ్’ పక్కన కుదిరే విశేషణం వాడుకలో లేదు, కాబట్టి నామవాచకంతోనే ‘గెట్ ఎ హెడేక్’.

ప్రశ్న: బండి బాగు చేయించుకుని ‘ఐ రిపేర్డ్ మై బైక్’ అంటే ఏమవుతుంది?

జవాబు: పానా పట్టుకుని మీరే బాగు చేశారనుకుంటారు. కుట్టు–కుట్టించు, రాయు–రాయించు అన్నట్టు తెలుగులో ‘ఇంచు’ చేసే పనిని ఇంగ్లీషులో ‘గెట్’ చేస్తుంది. వరస మాత్రం తప్పకూడదు: ముందు గెట్, తర్వాత వస్తువు, ఆ తర్వాత క్రియ మూడో రూపం. ‘ఐ గాట్ మై బైక్ రిపేర్డ్’. ‘గాట్’ బదులు ‘హ్యాడ్’ కూడా పెట్టవచ్చు, అర్థం అదే. కానీ మాటలు అటూ ఇటూ అయి ‘ఐ హ్యాడ్ రిపేర్డ్ మై బైక్’ అయితే బాగు చేసింది మళ్లీ మీరే అవుతారు, అదీ అంతకు ముందే చేసేసినట్టు!

ఎవరితో చేయించారో చెప్పాలంటే ‘ఐ గాట్ ద మెకానిక్ టు రిపేర్ ఇట్’. ఇక్కడ ‘టు’ ఉండి తీరాలి. ‘హ్యాడ్’, ‘మేడ్’ వాడితే ‘టు’ రాదు: ‘ఐ హ్యాడ్ హిమ్ రిపేర్ ఇట్’, ‘ఐ మేడ్ హిమ్ రిపేర్ ఇట్’. అర్థంలోనూ తేడా ఉంది. ‘గాట్’లో అడగడం, ఒప్పించడం ఉంటుంది. ‘హ్యాడ్’ మామూలుగా పని అప్పగించడం. ‘మేడ్’ అంటే బలవంతం. ఈ మూడింటినీ కలిపేసి ‘మేడ్ హిమ్ టు రిపేర్’ అని రాయడమే మా కంటపడే తప్పుల్లో ముందుంటుంది.

ప్రశ్న: వ్యాసాల్లో ‘గెట్’ వాడొద్దంటారు. దాని బదులు ప్రతిచోటా ‘ఆబ్టైన్’ పెడితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ‘గెట్’ ప్రాచీన నార్స్ (స్కాండినేవియా వాసుల పాత భాష) లోని ‘గెటా’ నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట. రిసీవ్, ఆబ్టైన్, అక్వయర్, ప్రొక్యూర్ లాటిన్ మూలం ఉన్నవి. 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తర్వాత ఇలాంటివి ఎక్కువగా ఫ్రెంచి దారిలో వచ్చి చేరాయి. ఇంట్లో మాటకు, దస్తావేజు మాటకు మధ్య దూరం అక్కడే మొదలైంది. అయితే ఈ నాలుగూ ఒకదాని స్థానంలో ఒకటి పెట్టుకునేవి కావు.

తనంతట తాను మీ దగ్గరికి వచ్చింది ‘రిసీవ్’: ఉత్తరం, బహుమతి. అడిగి, ప్రయత్నించి తెచ్చుకున్నది ‘ఆబ్టైన్’: అనుమతి, సర్టిఫికెట్, సమాచారం. సొంతమై నిలిచేది, కొంత కాలం పట్టేది ‘అక్వయర్’: నైపుణ్యం, ఆస్తి, భాష. సంస్థలు సరుకో సామగ్రో సేకరిస్తే ‘ప్రొక్యూర్’. ‘ఐ ఆబ్టైన్డ్ యువర్ లెటర్’ అని జవాబు రాస్తే, ఆ ఉత్తరాన్ని ఎక్కడో వెతికి సంపాదించారన్న అర్థం వస్తుంది. మారడం అనే అర్థంలో వీటిలో ఏదీ పనికిరాదు, అక్కడ ‘బికమ్’ పెట్టాలి. మాట్లాడేటప్పుడు మాత్రం ‘గెట్’ను వదలకండి. అక్కడ ‘ఆబ్టైన్’ కృతకంగా ఉంటుంది.

ప్రశ్న: ‘గెట్’కి మూడో రూపంగా ‘గాట్’ సరైనదా, ‘గాటెన్’ సరైనదా?

జవాబు: బ్రిటన్‌లో ‘గాట్’. అమెరికాలో సంపాదించడం, మారడం అనే అర్థాల్లో ‘గాటెన్’, కలిగి ఉండటం అనే అర్థంలో ‘గాట్’. ‘ఐ హ్యావ్ గాట్ ఎ కార్’ అంటే నాకు కారు ఉంది, ‘ఐ హ్యావ్ గాటెన్ ఎ కార్’ అంటే కారు సమకూర్చుకున్నాను. ‘గాటెన్’ కొత్తగా పుట్టింది కాదు, పాత రూపమే. ‘ఫర్‌గాటెన్’లో ఆ చివర బ్రిటన్‌లోనూ నిలిచి ఉంది. ఒక రచనలో ఏదో ఒక పద్ధతికే కట్టుబడండి.

ప్రశ్న: బస్సు దిగడాన్ని ‘గెట్ డౌన్’ అనవచ్చా?

జవాబు: భారతీయ ఇంగ్లీషులో అందరికీ అర్థమవుతుంది. ఇతర దేశాలవాళ్లకు మాత్రం బస్సు పైకప్పు మీంచి దిగినట్టు వినిపించవచ్చు. ‘గెట్ డౌన్’ను చెట్టు, నిచ్చెన లాంటి ఎత్తైనవాటికి ఉంచుకోండి. లోపల లేచి నడవగల బస్సు, రైలు, విమానం, ఓడలకు ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’. సైకిలు, గుర్రం లాంటి ఎక్కి కూర్చునేవాటికీ అవే. వంగి లోపలికి దూరాల్సిన కారు, టాక్సీలకు ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్ ఆఫ్’. రాసేటప్పుడు జాగ్రత్త: బస్సు దిగే ‘ఆఫ్’లో రెండు ఎఫ్‌లు ఉంటాయి, కారు దిగేటప్పుడు ‘అవుట్’ పక్కన వచ్చే ‘ఆఫ్’లో ఒకటే.