ఒకప్పటి ఆమ్‌స్టర్‌డామ్ మేయర్లకు నిజంగా అంత పవర్ ఉండేదా? నికోలాస్ విట్సెన్ గురించి తెలిసినవాళ్లు చెప్పగలరా?

ఉండేది. ఎంత ఉండేదో నాకు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ ఇంట్లో అర్థమైంది. ఆ ఇల్లు ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో మ్యూజియం.

పోయిన వేసవిలో నాన్న హైదరాబాద్ నుంచి వస్తే ఆ మ్యూజియానికి తీసుకెళ్లాను. బొమ్మల మీద ఆయనకి ఆసక్తి లేదు. మేడ మీద గదిలో గవ్వలు, ఇనప టోపీలు చూసి మాత్రం "ఇవన్నీ ఎవరు దాచార్రా?" అన్నారు. రెంబ్రాంట్ దివాలా తీసినప్పుడు 1656లో ఇల్లంతా తిరిగి 363 పద్దుల జాబితా రాశారు, అది చూసి మళ్లీ ఇలా సర్దారు అని చెప్పాను. అంతే, నాన్న ఊపందుకున్నారు. అప్పులెవరివి? ముందు ఎవరికి తీర్చారు? ఆయన కూడా చేబదులిచ్చి రెండుసార్లు మునిగిన మనిషి మరి.

నికోలాస్ తండ్రి కార్నెలిస్ విట్సెన్ 1653లో రెంబ్రాంట్‌కి 4,180 గిల్డర్లు (అప్పటి డచ్ నాణేలు) అప్పిచ్చాడు. 1658లో ఆ ఇల్లు 11,218కి అమ్ముడుపోయింది. ఆ ఏడాది కార్నెలిస్ బర్గోమాస్టర్, అంటే మేయర్. ఆ డబ్బులోంచి ఆయన బాకీ మొత్తం అందరికంటే ముందే వసూలైంది. నాన్న ఎంత గట్టిగా నవ్వారంటే గార్డు వెనక్కి తిరిగి చూశాడు.

నికోలాస్ పెరిగింది ఈ కార్నెలిస్ ఇంట్లో. రాజు లేడు కాబట్టి అక్కడ ప్రజాస్వామ్యమే అని కొందరు వీడియోల్లో ఊదరగొడుతుంటారు, నాకు ఒళ్లు మండుతుంది. ఏటా నలుగురు బర్గోమాస్టర్లు. వాళ్లని ఎన్నుకునేది ముఖ్యంగా పాత బర్గోమాస్టర్లే. వడ్డించేవాడూ తినేవాడూ ఒకడే అయితే ఏ బంతిలో కూర్చుంటే ఏంటి? నికోలాస్ 1682 నుంచి 1706 లోపు 13 సార్లు ఆ కుర్చీ ఎక్కాడు. పైగా డచ్ ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్. 1697లో రష్యా జార్ పీటర్ ఓడలు కట్టడం నేర్చుకోడానికి వచ్చి, ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరున్న జాండామ్‌లో జనం మీద పడుతుంటే నిలవలేకపోయాడు. గోడలున్న కంపెనీ షిప్‌యార్డులో వడ్రంగి పని ఇప్పించింది విట్సెనే.

ఒట్టి డబ్బు మనిషి అనలేం లెండి. కుర్రతనంలోనే మాస్కో వెళ్లొచ్చాడు, 1671లో ఓడల నిర్మాణం మీద పుస్తకం రాశాడు. మన గోల్కొండ బొమ్మలు కూడా ఆయన దగ్గరికి చేరాయి. 1686 ప్రాంతంలో అక్కడ గీసిన 49 మంది పాలకుల బొమ్మలు, ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో 'విట్సెన్ ఆల్బమ్' పేరుతో ఉన్నాయి. 1687లో ఔరంగజేబు గోల్కొండనే పట్టుకున్నాడు.

తిరుగు ట్రామ్‌లో అవి ఫోన్‌లో చూపించాను. నాన్న కళ్లజోడు తీసి, ఫోన్ ముక్కుకి ఆనించుకుని చాలాసేపు చూశారు.

"గీసినవాడికి ఎంతిచ్చాడంట?" అన్నారు.