ఎలక్ట్రిక్ షవర్‌కి పాత గీజర్ పాయింటు సరిపోతుందా?

గీజర్ తీసేసి అదే ప్లగ్గుకి ఎలక్ట్రిక్ షవర్ పెట్టుకోవచ్చా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. మామూలు గీజర్ 2, 3 కిలోవాట్లతో ట్యాంకులో నీళ్లని నిదానంగా కాస్తుంది. షవర్‌కి ట్యాంకు ఉండదు, పారే నీళ్లని అప్పటికప్పుడు వేడి చేయాలి. అందుకే 8.5 కిలోవాట్ల షవర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 37 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల పాయింటు వైరు అంత కరెంటుని మోయలేదు. గోడలోపలే వేడెక్కి, దాని పైతొడుగు కరుగుతుంది.

మెయిన్ బోర్డు నుంచి షవర్‌కి విడిగా లైన్ లాగించండి. ఈ సైజుకి సాధారణంగా 40 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే సప్లై ఆపేసే స్విచ్), 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడతారు. మీ మోడల్ మాన్యువల్‌లో ఏముందో చూసి ఖాయం చేసుకోండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ లేకుండా మాత్రం అసలు ఆన్ చేయొద్దు. తడి ఒంటి మీద కరెంటు లీకైతే ఎంసీబీ పడదు, ప్రాణం కాపాడేది ఆర్‌సీసీబీయే.

పని ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి. టెర్మినల్ స్క్రూలు గట్టిగా బిగించాడో లేదో దగ్గరుండి చూడండి. వదులుగా ఉంటే అక్కడ వైరు గోధుమరంగుకి మారి, కాలిన ప్లాస్టిక్ వాసన వస్తుంది. మొదటిసారి హీటర్ ఆన్ చేయకుండా కాసేపు చన్నీళ్లు వదలండి, ఖాళీగా వేడెక్కితే ఎలిమెంట్ కాలిపోతుంది.