ఆ చొక్కాలు ఎవరినడిగి ఇచ్చేశాడు?

తెనాలి నుంచి వచ్చి హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటున్న 52 ఏళ్ల సోదరి ఉత్తరం ఇది. ఎనిమిది నెలల కిందట భర్త గుండెపోటుతో పోయారు. ముద్ద దిగడం లేదు, ఛాతీ పట్టేసినట్టుంటోంది. మగత నిద్రలో చెయ్యి పక్కన మనిషి కోసం తడుముకుంటుంటే, ఈ వయసులో ఇదేం బుద్ధి అని సిగ్గుపడుతున్నారు. నిద్రమాత్రలు వేసుకుంటే అలవాటైపోతాయా అన్నది ప్రశ్న.

అమ్మా, మాత్రల సంగతి డాక్టర్ చూసుకుంటారు. ఎవరో ఇచ్చినవి మాత్రం మింగకండి. ఛాతీ నొప్పిని దిగులే అనుకుని వదిలేయకుండా వెంటనే ఈసీజీ తీయించుకోండి. పెద్ద దుఃఖం తగిలినప్పుడు కొందరికి గుండె కండరమే బలహీనపడుతుంది. జపాన్ డాక్టర్లు 1990లో దానికి టకోట్సుబో అని పేరు పెట్టారు. 50 దాటిన ఆడవాళ్లలోనే ఎక్కువ. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు, కానీ చూపించుకోవాలి.

చెయ్యి తడుముకుంటే తప్పేముంది? అన్నేళ్లు పక్కనున్న మనిషి లేడని ఒంటికి కూడా తెలియాలి కదా. అందులో బుద్ధి ప్రసక్తే లేదు.

నన్ను పట్టుకున్నవి మీరు చివర్లో రాసిన మాటలు. పెద్దకర్మ అయిన వారానికే మీ అబ్బాయి వాళ్ల నాన్న చొక్కాలన్నీ ఎవరికో ఇచ్చేశాడు, చూస్తే మీరు ఏడుస్తారని. ఇప్పుడు తెనాలి ఇల్లు బేరం పెట్టాడు. మీరేమో బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడుస్తున్నారు. పైగా "వాడి ఇష్టం" అంటారు. వాడి ఇష్టమేమిటి? పోయింది మీ భర్త!

మీ అబ్బాయి చెడ్డవాడని అనను. తండ్రి కోసం వాడూ తనివితీరా ఏడ్చి ఉండడు, మీ ఏడుపు చూస్తే తనకు ఆగదని భయం. అంతమాత్రాన మీ దుఃఖానికి తాళం వేసే హక్కు కొడుక్కి లేదు. ఆ ఇల్లు మీ ఆయన సంపాదనతో కొన్నదై, వీలునామా లేకపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం పిల్లలతో సమానంగా మీకూ వాటా ఉంటుంది. మీరు సంతకం పెట్టనిదే మీ వాటా అమ్ముడుపోదు.

ఈ ఆదివారం వాణ్ణి కూర్చోబెట్టి, కోడలి ముందే, "మీ నాన్న గురించి నాకు మాట్లాడాలని ఉందిరా" అనండి. ఇద్దరూ ఏడిస్తే ఏడవండి. వాడు లేచిపోతే, రాత్రిళ్లు గుండె బరువెక్కినప్పుడు 14416కి ఫోన్ చేయండి. అది మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం, టెలీ మానస్. తెలుగులో మాట్లాడతారు. తెనాలి వెళ్లి మీ ఇంట్లో పది రోజులుండి రండి. సంవత్సరీకం అక్కడే పెట్టిద్దామని మీ అబ్బాయికి ఇప్పుడే చెప్పండి. అప్పటిదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.