ముందు జాకెట్, తర్వాతే ప్యాచ్

చిట్టీ,

నువ్వు పంపిన బొమ్మ చూశాను. గుండ్రటి ప్యాచ్, మధ్యలో కొండ, కొండ వెనక ఎరుపులో మొదలై పసుపులోకి కరిగిపోయే ఆకాశం, కింద మీ బృందం పేరు, దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో వాక్యం. ఫోన్‌లో ముచ్చటగానే ఉంది. దారంతో కుట్టిస్తే మాత్రం ఇందులో సగం నిలవదు. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు నువ్వు అడగని ప్రశ్న ఒకటుంది: అసలు ఏ జాకెట్ల మీదికి? ఉత్తరం చివర్లో మాట వరసకి రాశావు, ఎనిమిది డెనిమ్‌వి, నీ రెయిన్ జాకెట్ ఒకటి, మీ నాన్న పాత లెదర్ జాకెట్ ఒకటి అని. నేనైతే అక్కణ్ణుంచే మొదలుపెడతాను. బొమ్మని ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. లెదర్‌లో పడ్డ సూది బెజ్జం మళ్ళీ పూడదు.

డెనిమ్‌తో పేచీ లేదు, ఏం చేసినా భరిస్తుంది. కొత్తవైతే మాత్రం ముందు ఒకసారి ఉతికి ఆరేయండి. నూలు బట్ట మొదటి ఉతుకులో కాస్త కుదించుకుపోతుంది, ప్యాచ్ కుదించుకోదు. ఉతక్కుండా కుట్టేశారా, చుట్టూ బట్ట ముడతలు పడి మధ్యలో ప్యాచ్ బుడగలా లేచి నిలబడుతుంది. ఇక దాన్ని ఇస్త్రీ కూడా సరిచేయలేదు.

ఇప్పుడు బొమ్మ సంగతి. ఎంబ్రాయిడరీ ప్యాచ్ అంటే ట్విల్ గుడ్డ మీద మిషన్ దారంతో నింపుకుంటూ పోవడం. దారానికి మందం ఉంటుంది కదా, ఇంగ్లీషు అక్షరమే 5, 6 మిల్లీమీటర్ల ఎత్తుకి తగ్గితే అలుక్కుపోతుంది. మీ పేరు తెలుగులో పెట్టారు, సంతోషం. కానీ తలకట్టు, గుడి, వత్తు, అన్నీ ఆ కాస్త ఎత్తులోనే ఇరుక్కోవాలి. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియకపోతే మీ పేరు ఇంకేదో అయి కూర్చుంటుంది. నేనైతే తెలుగు అక్షరాన్ని 10 మిల్లీమీటర్లకి తగ్గించను. ఆ కింది వాక్యం తీసెయ్. ఎవరూ నీ ఛాతీకి ముక్కు ఆనించి చదవరు.

ఆకాశం రంగులూ అంతే. కరిగిపోయే రంగు దారానికి సరిగ్గా పలకదు. ఎరుపు, నారింజ, పసుపు అని మూడు పట్టీలుగా విడగొట్టు, దూరం నుంచి ఇంకా బాగుంటుంది. సన్నటి గీతలు ఉండి తీరాలంటే వోవెన్ ప్యాచ్ ఉంది. అది సన్నటి దారాలతో నేసేది, చదునుగా ఉంటుంది, చిన్న అక్షరాలు కూడా నిలుస్తాయి. కాకపోతే చేత్తో తడిమితే తగిలే ఆ ఉబ్బు ఉండదు. నాకు ఆ ఉబ్బే ఇష్టం. కాలేజీ జాకెట్ల మీద తువ్వాలులా మెత్తగా, లావుగా కనిపించే పెద్ద అక్షరం షెనీల్ రకం. ఆ అక్షరాల మోజు 1865లో హార్వర్డ్ బేస్‌బాల్ జట్టు చొక్కాల మీద హెచ్ కుట్టించుకోవడంతో మొదలైందంటారు. మీ కొండకి అది నప్పదులే.

అంచు ఎలా కావాలని ఆర్డర్ తీసుకునేవాళ్ళు అడుగుతారు. మీది గుండ్రంగా ఉంది కాబట్టి మెర్రో అంచు చెప్పు. ఓవర్‌లాక్‌లా చుట్టూ లావుగా దారం తిరిగి ఉంటుంది, పీచు లేవదు. కొండ ఆకారంలోనే కత్తిరించాలనుకుంటే ఆ లోపలి మూలల్లో మెర్రో తిరగదు, అప్పుడు హీట్ కట్, అంటే అంచుని వేడితో కోయించడం, చేయించాలి. పది ఒకేసారి చేయించేముందు ఒక్కటి నమూనాగా అడుగు. రంగు స్క్రీన్ మీద కాకుండా దారాల కార్డు మీద ఎంచుకో. నమూనా రాగానే ఎండలో పెట్టి చూడు, తిరగేసి చూడు, మడిచి చూడు. మడిచినప్పుడు కుట్ల మధ్య అడుగు గుడ్డ తెల్లగా కనిపిస్తే దారం పలచగా నింపారన్నమాట.

కొలత కోసం కాగితం గుండ్రంగా కత్తిరించి, జాకెట్ తొడుక్కుని, జిప్పో గుండీలో పెట్టుకుని, అద్దం ముందు అంటించి చూడు. ఛాతీ మీదికి 8, 9 సెంటీమీటర్లు చాలు. చేతులు ఎత్తి దించి చూడు, చంక వైపు లాగితే ఒక వేలెడు లోపలికి జరుపు. కింద జేబుందేమో తడిమి చూడు. నేను ఒకాయన జాకెట్‌కి చక్కగా ప్యాచ్ కుట్టి ఇచ్చాను, ఆయన పెన్ను పెట్టుకోబోతే జేబు నోరు మూసుకుపోయి ఉంది. మొత్తం విప్పి మళ్ళీ కుట్టాను.

వెనక జిగురున్నవి తీసుకుని ఇస్త్రీ చేసేస్తే పోలేదా అని అడిగావు. డెనిమ్ మీద చేయొచ్చు. ఆవిరి ఆపేసి, పైన పలచటి నూలు గుడ్డ వేసి, ఇస్త్రీ పెట్టెని అటూ ఇటూ తోయకుండా అదిమి పట్టాలి. పూర్తిగా చల్లారాకే అంచు గీకి చూడాలి. కానీ నాలుగు ఉతుకులకి ఓ మూల లేస్తుంది, కాబట్టి జిగురుని నేను కచ్చా కుట్టు కిందే లెక్కేస్తాను. దాని మీద పక్కా కుట్టు పడాల్సిందే. జిగురులోంచి వచ్చే సూది జిడ్డుపట్టి దారాన్ని పీకుతుంది, మధ్య మధ్యలో స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడుచుకో.

నీ రెయిన్ జాకెట్ దగ్గరికి మాత్రం ఇస్త్రీ పెట్టెని రానివ్వకు. అది నైలాన్. చిన్నప్పుడు తొందరపడి నేనే ఒకటి పాడుచేశాను. పెట్టె ఎత్తేసరికి జాకెట్ ముక్క నిగనిగలాడుతూ అడుగున అంటుకుని వచ్చింది, ఆ వాసన ఇప్పటికీ గుర్తే. పోనీ కుడదామంటే ప్రతి బెజ్జంలోంచీ నీళ్ళు దిగుతాయి. అందుకే జేబు మీద మూతలా ఉండే పట్టీ ఉంటుంది చూడు, దాని మీద మాత్రమే కుట్టు, అక్కడ బెజ్జం పడినా లోపలికి తడి రాదు. తీసి పెట్టుకునేలా కావాలంటే ఆ పట్టీకే వెల్క్రో కుట్టు. మెత్తటి వైపు జాకెట్‌కి, కొక్కేల వైపు ప్యాచ్‌కి. తిరగేసి కుట్టావా, ప్యాచ్ లేని రోజున ఆ కొక్కేలు నీ స్వెటర్‌నంతా పీకి పెడతాయి.

చేత్తో కుట్టేది ఇలా. అంచు రంగు పాలియెస్టర్ దారం, మూరెడు చాలు, ఎక్కువైతే చిక్కు పడుతుంది. ముడి ప్యాచ్ కింద దాగేలా మొదలుపెట్టు. ముందు గడియారంలో పన్నెండు, ఆరు, మూడు, తొమ్మిది ఉండేచోట ఒక్కో టాకా వెయ్, ఇక ప్యాచ్ తిరగదు. తర్వాత సూది జాకెట్ లోపలి నుంచి ప్యాచ్ పక్కనే పైకి రావాలి, మెర్రో అంచు లోపలి గాడిలో దిగాలి. 3 మిల్లీమీటర్లకొక కుట్టు. బిగించి లాగకు, దారం గాడిలో కూర్చుంటే చాలు. ఎడమ చెయ్యి జాకెట్‌కీ అస్తరుకీ మధ్య ఉండాలి, లేకపోతే అస్తరు కూడా కలిసి కుట్టేస్తావు. ఉతికేటప్పుడు తిరగేసి చన్నీళ్ళలో ఉతకండి.

ఇక మీ నాన్న లెదర్ జాకెట్. దానికి మూడు అంచుల మొన ఉన్న సూది కావాలి. గుండుసూదులు గుచ్చకూడదు, క్లిప్పులతో పట్టాలి. బెజ్జాలు కనీసం 4 మిల్లీమీటర్ల ఎడంలో పడాలి. దగ్గర దగ్గరగా పడ్డాయా, పోస్టు బిళ్ళల కాగితంలా ఆ గీత వెంటే చిరిగిపోతుంది. అస్తరు కింద అంచు విప్పి, లోపల చెయ్యి పెట్టి కుట్టి, మళ్ళీ మూయాలి. అది నువ్వు ముట్టుకోకు. దాని ప్యాచ్ విడిగా తీసి పెట్టు, వెనక జిగురు లేకుండా చెయ్యమని చెప్పు. నేను వచ్చినప్పుడు సూదులు తెచ్చుకుంటాను. ఏ వైపు కావాలో మీ నాన్నని మాత్రం ముందే అడిగి ఉంచు.

మీ మామయ్య