చుక్కాని విప్పేముందు ఇది చదువు

అమ్ములూ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి నీ సంగతి చెప్పింది. ఇద్దరు స్నేహితులతో కలిసి పాత తెరచాప పడవ కొన్నావట, దాని చుక్కాని చీలిందట, ఆఫీసుకి వారం సెలవు పెట్టి నువ్వే బాగుచేస్తానన్నావట. మన ఇంట్లో నా తర్వాత సముద్రం మీద మనసు పడ్డది నువ్వొక్కదానివే. వింటున్నంతసేపూ గర్వంగా ఉంది, ఫోన్ పెట్టేశాక భయం పట్టుకుంది. నిద్ర రాలేదు, అందుకే తెల్లారకుండానే రాస్తున్నాను.

చిన్నవి ముందు చెప్పేస్తాను. పడవను గట్టెక్కించాకే చుక్కాని విప్పు. విప్పగానే అట్ట మీద దాని ఆకారం గీసుకో, రెండు వైపులా ఒకేలా లేకపోతే తర్వాత పడవ ఒక పక్కకే లాగుతుంది. షాఫ్ట్ (చుక్కానిని తిప్పే స్టీల్ కడ్డీ) మందం వెర్నియర్‌తో కొలువు, టేపుతో కాదు. గ్లాస్ ఫైబర్ రుద్దేటప్పుడు మాస్కు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. దురద పుడితే చన్నీళ్లతో కడుక్కో. కొత్త చుక్కాని కొనాలనిపిస్తే కొను, అందులో నామోషీ ఏమీ లేదు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని విషయం. మీ అమ్మ పంపిన ఫోటోను పెద్దది చేసి చూశాను. నువ్వు చీలిక గురించే మాట్లాడుతున్నావు, కానీ షాఫ్ట్ చుక్కానిలోకి దిగేచోట సన్నటి తుప్పు చార ఒకటి కిందికి కారి ఉంది, చూశావా? అలాంటి చారను నేను 1993లో చూశాను. చూసి వదిలేశాను.

అప్పటికింకా మన చెన్నై మద్రాసే. అంబత్తూరులో ఫైబర్ గ్లాస్ షెడ్డులో పని చేస్తూ, ఆదివారాలు ఒక మిత్రుడి ఇరవై అడుగుల పడవలో తిరిగేవాణ్ని. రోజూ చేసే పనే కదా అని, ఆ చార మీద పుట్టీ పెట్టి, రుద్ది, తెల్ల పెయింట్ వేశాను. అద్దంలా వచ్చింది. మార్చిలో ఒక ఆదివారం మీ నాన్నను ఎక్కించుకుని వెళ్లాను. పెళ్లయి ఏడాది కాలేదు, ఆయనకి ఈత రాదు, నువ్వు అమ్మ కడుపులో ఐదో నెల. మధ్యాహ్నం మూడింటికి సముద్రం గాలి బాగా ఎత్తుకుంది. హార్బరు బయట పడవను తిప్పబోతే టిల్లర్ (చుక్కాని తిప్పే పిడి) నా చేతిలో ఒక్కసారిగా తేలికైపోయింది. బరువే లేదు. వెనక్కి చూస్తే నేను పెయింట్ వేసిన ఆ తెల్ల చుక్కాని మాకు ఇరవై గజాల దూరంలో, సగం మునిగి తేలుతోంది. పడవలో షాఫ్ట్ మాత్రమే మిగిలింది.

హార్బరు కట్టాక దక్షిణాన మెరీనాలో ఇసుక పేరుకుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోయింది, అందుకే రాయపురం వైపు తీరం పొడవునా బండరాళ్లు పోశారు. ఆగ్నేయం గాలి మమ్మల్ని ఆ రాళ్ల మీదికే తోస్తోంది. పెద్ద తెరచాప దించేసి, బక్కెట్టుకి తాడు కట్టి వెనక ఒక పక్కన ఈడిస్తే పడవ ఆ పక్కకి కాస్త తిరిగింది, కానీ అది చాలలేదు. లంగరు వేస్తే తాడు పొట్టిదై పట్టు దొరకలేదు. (నీ తాడు నీటి లోతుకి కనీసం ఐదింతలు ఉండాలి, ఈరోజే కొలువు.) మీ నాన్న ఒక్క మాట మాట్లాడకుండా రాళ్ల వైపే చూస్తూ కూర్చున్నాడు. కాశిమేడు జాలర్లు చూసి తాడు విసిరారు, లాక్కొచ్చారు, ఆ చుక్కానిని కూడా ఏరుకొచ్చి ఇచ్చారు.

ఇంటికి తెచ్చి కోశాను. లోపల ఫోమ్ నీళ్లు పీల్చిన స్పాంజిలా ఉంది, కుళ్లిన వాసన. షాఫ్ట్‌కి చేప ముల్లులా అతికించిన స్టీల్ పట్టీలు వెల్డింగ్ దగ్గర తినేసి కాగితంలా అయ్యాయి, గోరుతో గీస్తే రాలాయి. స్టెయిన్‌లెస్‌కి తుప్పు పట్టదనుకుంటాం. గాలి తగులుతున్నంత కాలం దాని పైపొర దాన్ని కాపాడుతుంది. గాలాడని చోట ఉప్పునీళ్లు నిలిస్తే ఆ పొర పోతుంది, లోపల తినేస్తూ ఉంటుంది, బయటికి కనిపించేది ఆ ఒక్క చారే.

అందుకే నువ్వు పుట్టీ డబ్బా ముట్టుకోకముందు, రూపాయి బిళ్లతో చుక్కాని అంతా తట్టు. టక్కుమంటే సరే, డొల్లగా మోగితే అక్కడ పొర విడిపోయినట్టు. అడుగున చిన్న రంధ్రం వెయ్యి. నీళ్లు కారాయంటే ఇంక ఆలోచించకు, ఒక పక్క పొర కోసి తెరవాల్సిందే. తడి ఫోమ్‌ని ఎండబెట్టే ప్రయత్నం చేయకు, తీసి పారేయ్. పట్టీల్లో గుంటలు కనిపిస్తే షాఫ్ట్‌తో సహా 316 గ్రేడు స్టెయిన్‌లెస్‌లో కొత్తది చేయించు.

మూసేటప్పుడు ఎపాక్సీ (రెండు డబ్బాలవి కలిపితే గట్టిపడే జిగురు) వాడు, ఫైబర్‌ని అతికించిన పాత పాలిస్టర్ రెజిన్ మీద అది బాగా పట్టుకుంటుంది. మన ఎండకి గిన్నెలో ఎక్కువ కలిపితే వేడెక్కి పొగలొస్తాయి, వెడల్పాటి పళ్లెంలో కొంచెం కొంచెం కలుపుకో. ఒక పూత ఆరాక పైన జిడ్డు తేలితే నీళ్లతో రుద్ది కడిగాకే తర్వాతి పూత. అక్టోబరు వానలు మొదలవకముందే ముగించు. షాఫ్ట్ చుట్టూ చిన్న గాడి తీసి, సాగే సీలెంట్ నింపు, గట్టి పుట్టీ పెడితే మళ్లీ అక్కడే పగులుతుంది.

ఎవరైనా పాలిస్టర్ రెజిన్ చవక అని ఇస్తే, అది గట్టిపడటానికి అందులో కలిపే రెండు ద్రవాలను, కోబాల్ట్‌నీ క్యాటలిస్ట్‌నీ, నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ పోయకు, భగ్గుమంటుంది. కోబాల్ట్ ముందు రెజిన్‌లో పూర్తిగా కలిపాకే క్యాటలిస్ట్. క్యాటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. మా షెడ్డులో నేను కేకలేసింది ఈ ఒక్క విషయంలోనే, నీ మీదా వేస్తాను, ఏమీ అనుకోకు తల్లీ.

ఆ చారను నేను ముందే చూశానని మీ నాన్నకి ఇప్పటికీ తెలియదు. పడవ పాతది కాబట్టి విరిగిందనే అనుకుంటున్నారు, ముప్పై ఏళ్లుగా నేనూ అలాగే ఉండనిచ్చాను.

ఆదివారం పొద్దున వస్తాను. అప్పటిదాకా తట్టి చూడు, రంధ్రం వెయ్యి, కానీ కోయకు, గ్రైండర్ నేను తెస్తాను. మీ నాన్ననూ రమ్మను. చుక్కాని తెరిచాక ఆయనకి నేనే చూపించి చెప్తాను.

మీ మామయ్య